హైదరాబాద్‌లో స్టార్టప్ వీకెండ్‌కు వెళ్తున్నారా? ఆ మూడు రోజులు ఎలా గడపాలంటే

శుక్రవారం సాయంత్రం ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడతారు. ఆదివారం రాత్రికల్లా వాళ్లలో నలుగురైదుగురితో కలిసి ఒక వ్యాపారానికి ముగ్గు పోసి, "ఇది నడుస్తుంది, ఇదిగో రుజువు" అని జడ్జీల ముందు చూపిస్తారు. స్టార్టప్ వీకెండ్ అంటే ఇదే.

2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ అనే ఊళ్లో ఆండ్రూ హైడ్ దీన్ని మొదలుపెట్టారు. మొత్తం 54 గంటలు. తరువాత ఇది ఎన్నో దేశాలకు పాకింది. ఇప్పుడు స్టార్టప్‌లకు పెట్టుబడి, శిక్షణ ఇచ్చే టెక్‌స్టార్స్ సంస్థ గొడుగు కింద నడుస్తోంది. ఇదే పద్ధతిలో కాలేజీలు, కొత్త కంపెనీలకు చోటూ సలహా ఇచ్చే ఇంక్యుబేటర్లు తమ సొంత పేర్లతో కూడా వారాంతపు పోటీలు పెడుతుంటాయి. పేరు ఏదైనా నడక ఒకటే. శుక్రవారం ఐడియాలు చెప్పి జట్లు కట్టడం, శనివారం పని, ఆదివారం ప్రదర్శన.

మూడు రోజుల్లో కంపెనీ పుడుతుందా అని చాలామంది అడుగుతారు. వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లను ఒకదానితో ఒకటి కలిపే జాపియర్ తొలి నమూనా 2011లో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం కొలంబియాలో జరిగిన స్టార్టప్ వీకెండ్‌లో తయారైంది. ఇంట్లోని పాత వస్తువులను ఫోన్‌లో ఫోటో తీసి అమ్ముకునే కరౌసెల్ 2012లో సింగపూర్‌లో ఇలాగే మొదలైంది. అయితే ఆ రెండూ ఆదివారం రాత్రితో ఆగిపోలేదు. వాళ్లు ఆ తరువాత ఏళ్ల తరబడి పని చేశారు. కాబట్టి మూడు రోజుల్లో కంపెనీ కాదు, ఒక మంచి మొదలు దొరుకుతుంది.

నేను ఇలాంటి వారాంతాలకు మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి మా జట్టు శనివారమంతా ఏసీ గదిలో కూర్చుని యాప్ రాసింది. ఆదివారం ఒక జడ్జి, "ఇది కావాలని మిమ్మల్ని ఎవరు అడిగారు?" అన్నారు. మా ఐదుగురిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆ తరువాత రెండుసార్లు వెళ్లాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ 54 గంటల్లో మనల్ని వెనక్కి లాగేది కోడింగ్ రాకపోవడం కాదు, ఇంగ్లిష్ రాకపోవడమూ కాదు. మొహమాటం. స్టేజీ ఎక్కడానికి మొహమాటం, తెలియని మనిషిని పలకరించడానికి మొహమాటం, డబ్బు అడగడానికి మొహమాటం. కింద రాసిన ప్రతి అడుగులోనూ దాన్ని దాటే దారే ఉంది.

టికెట్ తీసుకునే ముందు

టికెట్ తీసుకునేటప్పుడు సాధారణంగా మీరు డెవలపరా, డిజైనరా, బిజినెస్ వైపు మనిషా అని అడుగుతారు. నిజం చెప్పండి. జట్లలో అన్ని రకాల వాళ్లూ ఉండాలనే అలా అడుగుతారు. "నాకు ఏ నైపుణ్యమూ లేదు" అనుకునేవాళ్లు బిజినెస్ టికెట్ తీసుకోవచ్చు. కిరాణా షాపు నడిపిన కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు, పదేళ్లు అకౌంట్స్ చూసిన గృహిణి, మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగిన మనిషి, వీళ్లకు తెలిసినది చాలామంది కోడర్లకు తెలియదు. నేను చూసిన మంచి జట్లలో ఇలాంటి మనిషి ఒకరు తప్పకుండా ఉన్నారు.

అప్పటికే నడుస్తున్న కంపెనీని తీసుకురాకూడదు. అందరూ శుక్రవారం సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఐడియా మాత్రం ముందే ఆలోచించుకుని రావచ్చు.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు తమ ఆఫర్ లెటర్ తీసి ఒకసారి చదువుకోవాలి. ఉద్యోగంలో ఉండగా చేసిన పని కంపెనీకే చెందుతుందని, బయట వ్యాపారం చేయకూడదని కొన్నింటిలో రాసి ఉంటుంది. అనుమానం ఉంటే హెచ్‌ఆర్‌ను ముందే అడగండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం వాడొద్దు.

స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్, నమూనాలు తయారు చేసుకునే టీ-వర్క్స్, ట్రిపుల్ ఐటీ అన్నీ నగరానికి పడమటి చివర, రాయదుర్గం, గచ్చిబౌలి వైపే ఉన్నాయి కాబట్టి వేదిక అటువైపు పడితే ప్రయాణం లెక్క ముందే చూసుకోండి. ఉప్పల్, నాగోలు, సికింద్రాబాద్, అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్లకు మెట్రో బ్లూ లైన్ ఉంది, చివరి స్టేషన్ రాయదుర్గం. శుక్రవారం సాయంత్రం రోడ్డు మీద వస్తే మాత్రం ఐటీ ట్రాఫిక్‌లో గంట పోతుంది. రాత్రి చివరి రైలు సమయం చూసి పెట్టుకోండి. ఛార్జర్, పవర్ బ్యాంక్, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, రాత్రి ఏసీ చలికి ఒక స్వెటర్ చాలు. నిద్ర మానేయాలన్న నియమం ఎక్కడా లేదు. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు కనీసం ఐదు గంటలు పడుకున్న జట్టే ఆదివారం తడబడకుండా మాట్లాడుతుంది.

శుక్రవారం: అరవై సెకన్లు

ఐడియా ఉన్నవాళ్లంతా వరుసలో నిలబడి ఒక్కొక్కరు ఒక్క నిమిషం మాట్లాడాలి. స్లైడ్లు ఉండవు. గడియారం అయిపోగానే మైకు పక్కవాళ్లకు వెళ్తుంది. తెలుగులో తాపీగా మాట్లాడితే నిమిషానికి సుమారు వంద మాటలే వస్తాయి. కాబట్టి కాగితం మీద రాసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి ఇంట్లో ఐదారుసార్లు చదవండి.

నేను రెండోసారి వెళ్లినప్పుడు మా జట్టు కుర్రాడు చెప్పిన పిచ్, అంటే ఆ ఒక్క నిమిషం మాట, నాకు ఇప్పటికీ గుర్తుంది. దాదాపు ఇలా చెప్పాడు:

"మాదాపూర్‌లో పొద్దున్నే టిఫిన్ బండి పెట్టే అక్కలు రాత్రి పదకొండు దాకా పప్పు రుబ్బుతూ ఉంటారు. మళ్లీ నాలుగింటికి లేవాలి. ఇడ్లీ పిండి, దోశ పిండి తెల్లవారేసరికి బండి దగ్గరికే చేరిస్తే వాళ్లకు రోజూ రెండు గంటల నిద్ర మిగులుతుంది. మాదాపూర్‌లో యాభై బండ్లతో మొదలుపెడదాం. మా అమ్మ కర్రీ పాయింట్ నడిపింది, నాకు ఈ పని తెలుసు. ఆర్డర్లు తీసుకునే యాప్ చేసేవాళ్లు ఒకరు, లెక్కలు చూసేవాళ్లు ఒకరు కావాలి. ఐడియా పేరు 'తెల్లారి పిండి'."

ఇందులో ఏం ఉందో చూడండి. కళ్ల ముందు కనిపించే ఒక మనిషి ఉంది. ఆమె కష్టం ఉంది. పరిష్కారం ఒక్క వాక్యంలో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఉంది, ఈ పని అతనే ఎందుకు చేయాలో ఉంది, ఎవరు కావాలో ఉంది. చివర్లో నోట్లో నిలిచే పేరు ఉంది. పేరు ముఖ్యం. ఎందుకంటే కాసేపటికి అందరి ఐడియాలనూ కాగితాల మీద రాసి గోడకు అంటిస్తారు, జనం తిరుగుతూ నచ్చినవాటికి ఓటు వేస్తారు. అప్పుడు పేరు గుర్తుంటేనే మీ కాగితం వెతుక్కుంటూ వస్తారు.

ఇంగ్లిష్ గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు చాలామంది ఈ వరుసలో నిలబడరు. వాళ్ల దగ్గరే జనం కష్టాలు తెలిసిన ఐడియాలు ఉంటాయి, అవి వాళ్ల మనసులోనే మిగిలిపోతాయి. అది నాకు ప్రతిసారీ బాధగా ఉంటుంది. తెలుగులో చెప్పొచ్చా అని నిర్వాహకులను ముందే అడగండి. ఇంగ్లిష్‌లోనే చెప్పాల్సి వస్తే ఆరు చిన్న వాక్యాలు చాలు. వ్యాకరణం ఎవరూ చూడరు. ఆ అక్క ఎవరో, ఆమెకు ఏం కావాలో చెప్పగలిగితే చాలు.

ఐడియా ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం కూడా కొత్తవాళ్లకు ఉంటుంది. అక్కడ గోప్యత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకోరు, చెప్పినది అందరికీ తెలిసినట్టే. నిజంగా దాచుకోవాల్సిన సాంకేతిక రహస్యం ఉంటే దాన్ని తీసుకురావొద్దు. మిగతా ఐడియాలు చాలామందికి ఒకేసారి వచ్చేవే. వాటి కోసం ఆదివారం పొద్దున ఐదింటికి లేచేవాళ్లు మాత్రం కొద్దిమందే.

జట్టు కట్టేటప్పుడు

మీ ఐడియాకు ఓట్లు రాకపోతే బాధపడుతూ ఇంటికి వెళ్లకండి. ఎక్కువ ఐడియాలు అక్కడే ఆగిపోతాయి. మరొకరి జట్టులో చేరినవాళ్లు చాలాసార్లు ఎక్కువ నేర్చుకుంటారు. తమ ఐడియా మీద మమకారం ఉండదు కాబట్టి నిజం త్వరగా చూడగలరు.

ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఐదుగురు స్నేహితులు ఒకే జట్టు కట్టడం నేను చూసిన పెద్ద పొరపాటు. ఐదుగురికీ ఒకే పని వస్తుంది, ఒకరి మాట ఒకరు కాదనలేరు. నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉండి, కోడ్ రాసేవాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, జనంతో మాట్లాడగలిగేవాళ్లు కలిసి ఉంటే పని నడుస్తుంది.

చేరే ముందు మూడు విషయాలు ముఖం మీదే అడగండి. ఆదివారం రాత్రి దాకా ఉంటారా? మీ చేతులతో ఏం చేయగలరు? రేపు ఐడియా మారిపోతే కూడా ఉంటారా? మూడో ప్రశ్నకు ఎవరైనా నసిగితే ఇప్పుడే తెలుసుకోవడం ఇద్దరికీ మంచిది. ఇద్దరు రెండు రకాలుగా అంటే చివరి మాట ఎవరిదో కూడా ఆ రాత్రే తేల్చుకోండి.

ఇంటికి వెళ్లే ముందు ఒక గంట మిగులుతుంది. ఆ గంటలో లోగో గీయకండి. మీరు నిజమని నమ్ముతున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. మేము ఇలా రాశాం: పిండి రుబ్బడం వాళ్లకు అన్నిటికంటే పెద్ద కష్టం. బయటివాళ్ల పిండి కొంటారు. రోజూ కొంటారు. వీటిలో ఏది తప్పయితే మొత్తం కూలిపోతుందో దాని పక్కన గీత పెట్టండి. శనివారం పొద్దున పరీక్షించాల్సింది దాన్నే.

శనివారం పొద్దున: బయటికి వెళ్లండి

నా దృష్టిలో ఈ వారాంతం మొత్తంలో విలువైన సమయం శనివారం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం వరకు. దీన్ని గదిలో గడిపితే మిగతాదంతా ఊహ మీద కట్టినట్టే.

మేము ముగ్గురం ఐదున్నరకు మాదాపూర్ వీధుల్లోకి వెళ్లాం. మొదటి ఇద్దరిని "పిండి తెచ్చి ఇస్తే కొంటారా అక్కా?" అని అడిగాం. ఇద్దరూ "తీస్కరా బిడ్డా, చూద్దాం" అన్నారు. మా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఇద్దరు కస్టమర్లు దొరికారని రాసుకున్నాం.

మూడో బండి దగ్గర ప్రశ్న మార్చాం. మాతో ఉన్న డిజైనర్ అమ్మాయి ఇడ్లీ ప్లేటు తీసుకుని, తింటూ, "నిన్న రాత్రి పిండి పని ఎప్పుడైంది అక్కా?" అని మాత్రమే అడిగింది.

"రుబ్బుడేముంది, గ్రైండర్ రుబ్బుతది. తొమ్మిదింటికే అయిపాయె."

"మరి బయట పిండి ఎప్పుడన్నా కొన్నవా?"

"ఎవరిదో పిండి తెచ్చి పోస్తే నా గిరాకీ ఉంటదా? నా దోశ రుచికే వస్తరు వీళ్లంతా."

"మరి నీకు కష్టం ఎప్పుడైతది?"

ఆమె గరిటె పక్కన పెట్టి మా వైపు చూసింది. "పోరగాడు రాకపోవుడే కష్టం. ప్లేట్లు కడిగేటోడు చెప్పకుండ బందు పెడ్తడు. మొన్న రెండు దినాలు రాలే. నేను దోశ పోయాల్నా, పైసలు తీస్కోవాల్నా, ప్లేట్లు కడగాల్నా? సగం గిరాకీ వాపస్ పోయింది."

ఆ పొద్దున మొత్తం పదకొండు బండ్ల దగ్గర మాట్లాడాం. ఎనిమిది మంది మేము అడగకుండానే మనిషి రాని రోజు గురించి చెప్పారు. పిండి కష్టమని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

మొదటి ఇద్దరు అబద్ధం చెప్పలేదు. మన దగ్గర ఎదుటి మనిషిని, అందులోనూ పొద్దున్నే వచ్చి "అక్కా" అని పిలిచిన పిల్లల్ని, ముఖం మీద కాదనడం మర్యాద కాదు. "చూద్దాం" అనేది చాలాసార్లు మర్యాదగా చెప్పిన వద్దు. అందుకే "ఇలాంటిది ఉంటే వాడతారా?" అన్న ప్రశ్న తెలుగువాళ్ల మధ్య అసలు పనికిరాదు. అది వాళ్లను మొహమాటంలోకి నెడుతుంది. రేపటి గురించి కాకుండా నిన్నటి గురించి అడగండి. పోయిన వారం ఎన్నిసార్లు అలా జరిగింది? అప్పుడు ఏం చేశారు? ఎవరికి ఫోన్ చేశారు? ఎంత ఖర్చయింది? జరిగిపోయినది చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. మీ ఐడియా ఏమిటో చివరి దాకా చెప్పకండి.

ఇద్దరు వెళ్తే చాలు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. వాళ్లు వాడిన మాటలనే రాయండి, మీ భాషలోకి మార్చకండి. గిరాకీ ఎక్కువగా ఉండే ఎనిమిది, తొమ్మిది గంటల సమయంలో వ్యాపారం చేసేవాళ్లను విసిగించకండి. ఏదైనా కొని, తిని, నిలబడి మాట్లాడండి. రికార్డు చేయాలంటే అనుమతి అడగండి. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పంపి రెండు వందల జవాబులు తెచ్చుకోవడం కంటే ఇలాంటి పది మాటలు నయం. పిన్నులు, బాబాయిలు మీ మీద ప్రేమతో జవాబు ఇస్తారు.

ఎక్కడికి వెళ్లాలన్నది ఐడియాను బట్టి ఉంటుంది. కోచింగ్, హాస్టళ్ల విషయమైతే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఒక్క పూటలో యాభై మంది దొరుకుతారు. ఆరోగ్యం, నడక, పెద్దవాళ్ల సంగతైతే పొద్దున ఆరింటికి కేబీఆర్ పార్కు గేటు దగ్గర నిలబడండి. హోల్‌సేల్ సరుకులైతే బేగంబజార్‌కు శనివారమే వెళ్లిరండి, ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి. మీ కస్టమర్ ఐటీ ఉద్యోగి అయితే శనివారం ఆఫీసుల దగ్గర ఎవరూ ఉండరు. సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు వెళ్లండి. కూరగాయల వ్యర్థాల మీద ఐడియా ఉంటే బోయిన్‌పల్లి మార్కెట్‌కు తప్పకుండా వెళ్లాలి. అక్కడ మిగిలిపోయిన కూరగాయల నుంచి బయోగ్యాస్, కరెంటు తీసే ప్లాంట్ ఇప్పటికే ఉంది. దాన్ని చూడకుండా "ఇలాంటిది ఎవరూ చేయలేదు" అని ఆదివారం చెబితే, అది తెలిసిన జడ్జి ఒక్కరున్నా అక్కడితో ఆగిపోతుంది.

ఐడియా మారినప్పుడు

పదకొండింటికి తిరిగి వచ్చి, విన్నదంతా బోర్డు మీద రాశాం. 'తెల్లారి పిండి' అయిపోయిందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఐడియా తెచ్చిన కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. మేమూ తొందరపెట్టలేదు. అరగంట తరువాత తనే లేచి, పిండి అన్న మాట చెరిపేసి, "రేపటికి మనిషి" అని రాశాడు. చెప్పకుండా మనిషి మానేస్తే, తెల్లవారేసరికి మరో మనిషిని పంపించే పని.

శనివారం మధ్యాహ్నం ఐడియా మారితే అది ఓటమి అని అనుకోవద్దు. మూడు నెలల తరువాత తెలియాల్సినది ఒక్క పూటలో తెలిసింది. అయితే మధ్యాహ్నం రెండు దాటాక ఇంకోసారి మార్చకండి, చేయడానికి సమయం ఉండదు.

ఈ సమయంలోనే సలహాలు ఇచ్చే అనుభవజ్ఞులు, అంటే మెంటర్లు, ఒక్కో బల్ల దగ్గరకు వస్తారు. ఒకరు యాప్ చేయమంటారు, ఇంకొకరు వద్దంటారు. టెన్షన్ పడొద్దు. ప్రతి ఒక్కరికీ మొదట మీ నోట్సు చూపించి, "వీళ్లు ఇలా అన్నారు, మీరైతే తరువాత ఏం అడుగుతారు?" అనండి. అప్పుడు సలహా మీ కస్టమర్ చుట్టూ తిరుగుతుంది.

మధ్యాహ్నం నుంచి: ఉన్నదానితో నడిపించండి

యాప్ అవసరమా అని మొదట మిమ్మల్ని మీరే అడగండి. మేము కలిసిన బండ్ల అక్కల్లో చాలామంది ఫోన్‌లో టైపు చేయరు, వాయిస్ మెసేజ్ పంపుతారు. అందుకని ఒక వాట్సాప్ నంబర్, ఒక గూగుల్ షీట్, అంతే. రాత్రి తొమ్మిది లోపు "రేపు మనిషి కావాలె" అని వాయిస్ పెడితే మేమే పనివాళ్లకు ఫోన్ చేస్తాం. భవిష్యత్తులో యాప్ ఎలా ఉంటుందో చూపించడానికి ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు తెరలు గీశాం. ఇప్పుడు ఏఐ సాయంతో కొద్ది గంటల్లో వెబ్‌సైటు తయారవుతుంది. కాబట్టి వెబ్‌సైటు ఉండటమే గొప్ప అని ఎవరూ అనుకోరు, దాన్ని ఒక నిజమైన మనిషి వాడాడా అన్నదే చూస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం మాలో ఇద్దరు మళ్లీ బండ్ల దగ్గరకు వెళ్లి, ఆదివారానికి మనిషి కావాలంటే వంద రూపాయలు అడ్వాన్సు ఇవ్వమని అడిగారు. ఇది అడగడానికి మా అందరికీ మొహమాటమే. కానీ నోటి మాటకూ జేబులోంచి వచ్చిన డబ్బుకూ ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. నలుగురు వద్దన్నారు. ఇద్దరు ఫోన్‌పేలో వంద చొప్పున పంపారు. అందులో ఒకరు పొద్దున మాట్లాడిన దోశల అక్క.

ఆదివారం పొద్దున ఒక బండికి మనిషి వెళ్లాడు, ఐదింటికల్లా చేరాడు. దోశల అక్కకు మాట ఇచ్చిన మనిషి ఫోన్ ఎత్తలేదు. ఆమెకు మేమే ఫోన్ చేసి చెప్పాం, మా కుర్రాడే వెళ్లి పదింటి దాకా ప్లేట్లు కడిగాడు. ఈ రెండు సంగతులూ సాయంత్రం జడ్జీలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం.

లెక్క వేయడం

చాలా జట్లు చివరి స్లైడ్‌లో దేశం మొత్తం మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు అని పెడతాయి. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. కింది నుంచి పైకి లెక్క వేయండి.

మాది ఇలా వేశాం. పనివాడి కూలి బండి యజమాని నేరుగా ఇస్తారు. ఒక్కో బుకింగ్‌కు మేము 50 రూపాయలు తీసుకుంటాం. ఒక బండికి నెలకు 4 రోజులు మనిషి కావాల్సి వస్తుంది. 100 బండ్లు చేరితే 400 బుకింగ్‌లు, అంటే నెలకు 20,000 రూపాయలు. రాత్రుళ్లు ఫోన్లు చూసుకునే ఒక్క మనిషి జీతానికే అది సరిపోతుంది. 500 బండ్లయితే లక్ష. మరి 500 బండ్లు ఉన్నాయా? అందుకని ఒక కిలోమీటరు నడిచి లెక్కపెట్టాం, పద్నాలుగు కనిపించాయి. ఈ లెక్కతో మాకే తెలిసింది ఏమిటంటే, టిఫిన్ బండ్ల మీద మాత్రమే ఇది నిలబడదు, కర్రీ పాయింట్లు, క్యాటరింగ్ వాళ్లు కూడా కావాలి. ఆ మాటే స్లైడ్‌లో పెట్టాం.

ఆదివారం సాయంత్రం

మధ్యాహ్నం ఒంటిగంటకు తయారీ ఆపేయండి. ఇది చాలా కష్టమైన నియమం, ఎందుకంటే ఆ సమయానికి ఇంకొక్క బటన్ పెడితే బాగుంటుందని అనిపిస్తుంది. వద్దు. మిగతా సమయమంతా ప్రదర్శనకే.

సాధారణంగా ఐదు నిమిషాలు ఇస్తారు, తరువాత ప్రశ్నలు. స్టార్టప్ వీకెండ్‌లో జడ్జీలు ముఖ్యంగా మూడు చూస్తారు. వ్యాపారం ఎలా డబ్బు సంపాదిస్తుంది, కస్టమర్లతో నిజంగా మాట్లాడి తేల్చుకున్నారా, తయారు చేసింది ఎలా ఉంది. మొదటి నిమిషం ఒక మనిషి కథకే ఇవ్వండి. మేము దోశల అక్కను అడిగి, ఆమె గొంతులో పది సెకన్ల వాయిస్ మెసేజ్ వినిపించాం. తరువాత ఏం చేశామో, ఏం విన్నామో, ఐడియా ఎందుకు మారిందో చెప్పాం. తరువాత డెమో, లెక్క, చివరగా వచ్చే నెల ఏం చేస్తామన్నది.

ఒక్కరే మాట్లాడితే మంచిది. మైకు చేతులు మారిన ప్రతిసారీ కొన్ని సెకన్లు పోతాయి. ప్రశ్నలకు మాత్రం ఆ విషయం తెలిసినవాళ్లే జవాబు చెప్పాలి. టైమర్ పెట్టుకుని నిలబడి కనీసం మూడుసార్లు సాధన చేయండి. డెమోను ముందే వీడియో తీసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. వందమంది ఒకే వైఫై మీద ఉన్నప్పుడు అది ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. తెలియని ప్రశ్న వస్తే "అది మేము ఇంకా కనుక్కోలేదు, ఇలా కనుక్కుంటాం" అని చెప్పండి. జడ్జీలకు ఆ జవాబు వినడం ఇష్టం.

మాకు బహుమతి రాలేదు.

సోమవారం

గెలిచినా గెలవకపోయినా ఆదివారం రాత్రే కంపెనీ రిజిస్టర్ చేద్దామనే ఉత్సాహం వస్తుంది. రెండు వారాలు ఆగండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉండాలి. పైసా అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించి, లెక్కలు దాఖలు చేయాలి. స్టార్టప్ ఇండియా కింద కేంద్ర ప్రభుత్వ గుర్తింపు కావాలంటే కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ), రిజిస్టర్ చేసిన భాగస్వామ్యం లాంటిది ఏదైనా ఉండాలి. కానీ అది కస్టమర్లు దొరికాక చేసుకోవచ్చు.

ముందు చేయాల్సింది జట్టు కూర్చుని మాట్లాడుకోవడం. ఎవరు కొనసాగుతారు, వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, కోడ్ ఎవరిది, పేరు ఎవరిది, వెళ్లిపోయేవాళ్లు తరువాత వాటా అడుగుతారా? స్నేహితుల మధ్య ఈ మాటలు ఎత్తడం చాలా కష్టం. అయినా ఎత్తండి. మాట్లాడుకున్నది వాట్సాప్ గ్రూపులోనే పది వాక్యాలుగా రాసి అందరి చేత "సరే" అనిపించుకోండి. వాటాల లెక్కను మొదటి రోజే సమానంగా పంచేసి, ఆరు నెలల తరువాత ఒక్కరే పని చేస్తూ మిగిలిన జట్లను నేను చూశాను.

సాయం కావాలంటే హైదరాబాద్‌లో చోట్లు ఉన్నాయి. టీ-హబ్ 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. దాని దగ్గర్లోనే 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో యంత్రాలు, వస్తువుల నమూనాలు తయారు చేసుకోవచ్చు. మీది యాప్ కాక వస్తువు అయితే మొదట అక్కడికే వెళ్లండి. మహిళలు మొదలుపెట్టే వ్యాపారాల కోసం 2018 నుంచి వీ-హబ్ ఉంది. ట్రిపుల్ ఐటీలో సొంత ఇంక్యుబేటర్ ఉంది. వీటి దగ్గరకు వెళ్లినప్పుడు స్లైడ్ల కంటే ముందు శనివారం నోట్సు చూపించండి.

అన్నిటికంటే ముందు, మీకు సమయం ఇచ్చినవాళ్లకు, డబ్బు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. ఆపేస్తుంటే ఆపేస్తున్నామని చెప్పి డబ్బు తిరిగి ఇవ్వండి. మా జట్టులో ముగ్గురు ఉద్యోగాలకు వెళ్లిపోయారు, నేనూ ఆ కుర్రాడూ మిగిలాం. మంగళవారం పొద్దున ఇద్దరం వెళ్లి దోశల అక్కకు ఆమె వంద రూపాయలు చేతిలో పెట్టాం. ఆమె తీసుకుంది. పిండి గిన్నె మీద మూత పెడుతూ, "బేస్తారం నాడు మనిషి కావాలె, దొరుకుతడా?" అని అడిగింది. దోశ అయ్యేలోపు అక్కడే నిలబడి ఫోన్లు మొదలుపెట్టాం.